పన్నెండు రోజులకు ఎంత డేటా

ప్రియమైన పిడుగుకి,

చేతిలో ఫోన్ పెట్టుకుని అక్క కాగితం మీద రాయడమేమిటని నవ్వకు. జవాబు కూడా కాగితం మీదే రాయి. ఇంటికి కాదు, నేను పనిచేసే కట్టుడు పళ్ళ ల్యాబ్ చిరునామాకు పంపు.

వచ్చే నెల నన్ను పన్నెండు రోజులు విదేశం పంపుతున్నారు. పింగాణీ పళ్ళు కాల్చే కొత్త కొలిమి కొన్నారు మా మేడమ్. దాన్ని తయారుచేసే చోటికే వెళ్ళి పని నేర్చుకోవాలి. పదిహేనేళ్ళుగా పరాయివాళ్ళ నోళ్ళకు పళ్ళు చేస్తున్నాను, విమానం మాత్రం ఎప్పుడూ తలెత్తి చూడటమే.

సిమ్‌లు అమ్మే దుకాణంలో ఉన్నావు కదా, ఆ దేశంలో నాకు ఎంత డేటా కావాలో లెక్కకట్టి చెప్పు. దారి చూసుకోవడానికి మ్యాప్ రోజుకు గంట. మెసేజ్‌లు. పాఠం ఫోటోలు రోజుకు ముప్పై. వీడియో కాల్ రోజుకు పద్నాలుగు గంటలు.

నీ జలుబు తగ్గిందా?

ఆశీస్సులతో,
అక్క

*

ప్రియమైన అక్కకి,

జలుబు పోయింది, దగ్గు మిగిలింది. నువ్వు విమానం ఎక్కుతున్నావని చదివి కౌంటర్ వెనకే ఓ గంతు వేశాను. ఫోన్ కవర్ కొనడానికి వచ్చినాయన దడుసుకున్నాడు.

ఇక లెక్క. మెసేజ్‌లు ఓ మూలకు రావు. మ్యాప్ ఇక్కడే దించుకుని వెళ్ళు, అక్కడ దాదాపు ఏమీ ఖర్చు కాదు. ఫోటోలకు రోజుకు వంద ఎంబీ వేసుకో. యాప్‌లు వాటంతటవే అప్‌డేట్ కాకుండా ఆపెయ్యి, తెలియకుండా డేటా తాగేసేవి అవే. అన్నీ కలిపి, కాస్త ధారాళంగా వేసుకున్నా, పన్నెండు రోజులకు మూడు జీబీ చాలు.

వీడియో దగ్గరే ఆగిపోయాను. అది గంటకు అర జీబీ పైనే లాగుతుంది. పద్నాలుగు గంటల చొప్పున పన్నెండు రోజులంటే దాదాపు వంద జీబీ. నాలుగు రాయబోయి పద్నాలుగు రాశావనుకున్నాను. ఫోన్ చేసి అడుగుదామంటే మూడుసార్లూ బావగారే ఎత్తారు. నువ్వు స్నానం చేస్తున్నావన్నారు. మూడుసార్లూ.

అక్కా, ఎవరితో మాట్లాడటానికి పద్నాలుగు గంటలు?

నీ జవాబు కోసం గుమ్మంలో కూర్చున్న,
చెల్లి

*

ప్రియమైన పిడుగుకి,

పద్నాలుగే. తప్పు రాయలేదు.

మాట్లాడటానికి కాదు, చూడటానికి. ల్యాబ్‌లో నా బల్ల మీద మైనం డబ్బాకు ఆనించి ఫోన్ నిలబెడతాను. మీ బావ తన ఆఫీసులో పని చేసుకుంటూ నన్ను చూస్తుంటారు. భోజనానికి ఎవరి పక్కన కూర్చున్నానో, ఎందుకు నవ్వానో సాయంత్రం అడుగుతారు. నా మెసేజ్‌లన్నీ ఆయన కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటాయి. మొదట్లో ప్రేమ అనుకున్నాను. నీతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కిందటేడు ఓసారి ఛార్జింగ్ అయిపోయి నలభై నిమిషాలు కనబడలేదు. ల్యాబ్‌కు వచ్చారు. అందరినీ మర్యాదగా పలకరించి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఎనిమిది రోజులు ఇంటికి బయటి నుంచి తాళం. జ్వరమని అందరికీ చెప్పారు. నువ్వు తెచ్చిన పండ్ల బుట్ట ఆయనే గుమ్మంలో అందుకున్నారు. నేను లోపలి గదిలో నీ గొంతు విన్నాను.

ఈ ప్రయాణం కూడా మా మేడమ్ ఇంటికొచ్చి అడిగితే ఆయన కాదనలేక ఒప్పుకున్నదే. కెమెరా ఆగకూడదని షరతు. పాస్‌పోర్ట్ ఆయన దగ్గరుంది, విమానాశ్రయంలో ఇస్తారట.

సలహా ఇవ్వకు. ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు నాకు ఇంట్లోనే ఉన్నారు. వంద జీబీ దొరుకుతుందో లేదో అది చెప్పు చాలు.

నీ,
అక్క

*

ప్రియమైన అక్కకి,

సలహా ఇవ్వను. నోరు కట్టేసుకోవడం ఇంత కష్టమని ఇప్పుడే తెలిసింది.

నిన్న బావగారు మా దుకాణానికి వచ్చారు. నా దగ్గు సంగతి అడిగారు, నీకోసం అన్నిటికంటే పెద్ద ప్యాక్ కావాలన్నారు. అన్‌లిమిటెడ్ ఒకటుందని చూపించాను.

"మధ్యలో ఆగిపోదు కదా?" అన్నారు.

"నెట్ ఆగదు బావగారూ" అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ రోజుకు రెండు జీబీ దాటితే వేగం పడిపోతుందని ప్యాక్ వెనక సన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్న ప్రతివాళ్ళకీ అది చదివి వినిపిస్తాను. ఆయనకు వినిపించలేదు. ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

కాబట్టి పొద్దున్న మూడు గంటలు ఆయన నిన్ను చూస్తారు. ఆ తర్వాత బొమ్మ నిలిచిపోతుంది. మెసేజ్‌లు, మ్యాప్ నడుస్తాయి. మిగతా పదకొండు గంటలు నువ్వు ఎవరికీ కనబడవు. నిన్ను అడగకుండా చేశాను. ఆయన కోపమంతా నా మీదకు నెట్టెయ్యి.

భయపడుతూనే ఉన్న,
చెల్లి

*

ప్రియమైన పిడుగుకి,

మొదటి రోజు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

పదకొండున్నరకు బొమ్మ ఆగింది. అక్క హాయిగా ఊపిరి పీల్చుకుంటుందని నువ్వు అనుకుని ఉంటావు. నేను తలనొప్పి అని చెప్పి, ఏప్రన్ విప్పకుండానే వీధిలోకి పరుగెత్తాను, వైఫై ఎక్కడ దొరుకుతుందా అని. పని నేర్పే వర్క్‌షాప్‌లో బయటివాళ్ళకు అది ఇవ్వరు. ఒక లాండ్రీలో దొరికింది. మెషీన్ల మధ్య బెంచీ మీద కూర్చుని సాయంత్రం దాకా ఫోన్ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. ఒక చెయ్యి లాగితే రెండో చేత్తో. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పాస్‌పోర్ట్ నా సంచిలోనే ఉంది. ఏ తలుపుకూ తాళం లేదు. అయినా నేను కదల్లేదు.

నాలుగో రోజు అక్కడ దుప్పట్లు మడిచే ఆవిడ వచ్చి, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని వచ్చీరాని మాటల్లో అడిగింది. లేదు, మా ఆయన చూస్తున్నారు అన్నాను. ఆవిడ వంగి తెరలోకి చూసింది.

"ఎవరూ లేరే?" అంది.

నేనూ చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన ఎప్పుడో లేచి వెళ్ళాడు. ఖాళీ కుర్చీకి నా ముఖం చూపిస్తూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

నేనే ఆపేశాను. వర్క్‌షాప్ ఫోన్ నుంచి మా మేడమ్‌కు జరిగిందంతా చెప్పాను. ఆ ఎనిమిది రోజులూ అది జ్వరం కాదని అనుమానం ఉండేదనీ, అడగనందుకు సిగ్గుగా ఉందనీ అన్నారు. వాళ్ళ రెండో ల్యాబ్ వేరే ఊళ్ళో ఉంది, పై గది ఖాళీగా ఉంది, వచ్చాక అక్కడే ఉండమన్నారు.

ఆయనకు ఒక్క మాట పంపాను, ఇంటికి రానని. మొదట బెదిరించాడు, ఇప్పుడు బతిమాలుతున్నాడు. నాకు ధైర్యం వచ్చేసిందనుకోకు, ఈ అక్షరాలు ఎలా వంకర్లు పోతున్నాయో చూడు. ఫోన్‌లో చెబితే మళ్ళీ మాట మారుస్తానని ఇది కొరియర్‌లో పంపుతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం దిగుతాను, విమానాశ్రయానికి నువ్వూ రా. మేడమ్ వస్తారు, పోలీసులకూ చెప్పి ఉంచుతానన్నారు. ఆయన కూడా తప్పకుండా వస్తాడు. పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పిలుపు వింటే నా కాళ్ళు అటే నడుస్తాయేమోనని భయంగా ఉంది. అలా నడిస్తే, నేను ఏం చెప్పినా వినకు. చెయ్యి పట్టుకుని లాక్కుపో.

నీ మీదే బరువంతా వేసిన,
అక్క