క్యాసెట్టులో ఆగిపోయిన పొట్టేలు వరస

బెంగళూరు,
ఆదివారం

అన్నకు, తమ్ముడు గంగాధర కాళ్లు మొక్కి రాసేది. నేనీడ బాగుండా. నువ్వు, వదిన, పిల్లోల్లు బాగుండారని తలుస్తాండా. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఈడ ఒకటే జడి, బట్టలు ఆరవు. హోటల్లో సాంబారు తియ్యగుంటాది, మన ఊరిబిండి కారం తలుచుకోని మింగుతాండా. ఎవరన్నా వస్తే చెనిక్కాయలు పంపు.

చిలమత్తూరు బస్టాండులో నువ్వు కొట్టిన దెబ్బకు నాకు పన్ను ఊడింది. చెప్పొద్దనుకున్నా గానీ నీకు తెలియాల. అంతమంది ముందర మా క్యాసెట్టును రాయితో చితగ్గొట్టి, రీలు నా మెడకు చుట్టి, "జాతరలో పొట్టేలును నరికేటప్పుడు వాయించే వరస మొదలుపెట్టి నడుమన ఆపుతావా? తల తెగకముందే ఆపితే ఆ కత్తి వాయించినోని ఇంటిమిందికి వస్తాదని నాయన బతికినన్నాళ్లూ చెప్పలేదా? నా పిల్లోల్ల మింద పడాలనా?" అంటివి. తప్పు నాదే.

ఏ కంపెనీ మా పాటలు తీసుకోకుంటే నేనూ, గిటారు వాయించే రోహనూ, ఇంకిద్దరూ కలిసి ఆ క్యాసెట్టు సొంతంగా తెస్తిమి. ఆఖరి పాటలో నేను తప్పెట మింద ఆ వరస వాయిస్తాంటే, పాట పొడుగైతాదని రోహను చెయ్యెత్తి ఆపమన్నాడు. గదిలో పొట్టేలు లేదు కదా, ఏమైతాదిలే అని ఆపితిని.

ఇంగ్లీషు పేపరాయన మా పాటలన్నీ డబ్బాలో రాళ్లేసి ఊపినట్టుండాయని రాసి, ఆ ఆపిన చోటు మటుకు భలే ఉండాదని మెచ్చుకున్నాడు. హిందూపురం అంగడాయన "ఇది పాటనా, కొట్లాటనా" అని క్యాసెట్లు వాపసు ఇచ్చినాడు. పెనుకొండ నుంచి ఒక పెద్దాయన కార్డు రాసినాడు. "ఆ తప్పెట వాయించింది ఎవరప్పా, నడుమన ఎందుకు ఆపితివి, నాకు అన్నం గొంతు దిగలేదు" అని. ఆయనదీ నీదీ ఒకటే మాట.

పోయిన శనివారం ఒక కాలేజీలో మా ప్రోగ్రాం. ఆ పాట వచ్చింది, రోహను చెయ్యెత్తినాడు, నేను ఆపలేదు. నీ పిల్లోల్ల మొగాలే నా కండ్ల ముందర. మా బ్యాండులో కడమోల్లు వాయించేది మానుకున్నారు. కాలేజీ పిల్లోల్లు ముందు ఎగిరినారు, తర్వాత విసుగెత్తి తిట్లు లంకించుకున్నారు. రోహను వచ్చి తప్పెటను తన్నినాడు. వాని ముక్కుమింద మోచేత్తో ఒకటి పొడిచి వాయిస్తానే ఉంటిని. అప్పుడు గాజుసీసా ఒకటి వచ్చి నా నుదుట పగిలింది. రక్తం కండ్లలోకి దిగి తప్పెట మింద పడింది. అది చూసినాకనే ఆపితిని.

ఏడు కుట్లు పడినాయి. భయపడొద్దు, మానుతాండాది, నేను బాగుండా. రోహను నన్ను బ్యాండులోంచి తీసేసినాడు. ముక్కు పగిలినోడు ఇంకేం చేస్తాడు, వాని మింద నాకు కోపం లేదు. పేపరాయన మళ్లీ రాసినాడు, ఆఖరి పాట అనవసరంగా సాగదీసినారంట. కత్తిరించి పెట్టుకున్నా, నీకు చూపియ్యాల.

అన్నా, ఆ కత్తి నీ ఇంటికి రాదు. నా మిందనే పడిపోయింది. పిల్లోల్లను నిమ్మళంగా పండుకోబెట్టమని వదినకు చెప్పు.

ఈడ నాకు వాయించేదానికి చోటు లేదు. జాతరలో నీ పక్కన చోటు ఉండాదో లేదో రెండు ముక్కలు రాయి. రమ్మంటే తప్పెట భుజానేసుకోని వస్తా. ఇంకా కోపముంటే ఇంటికాడ కొట్టు, బస్టాండులో వద్దు. ఎడమ చెంప మటుకు వద్దన్నా, ఆపక్క పండ్లు ఇంకా కదులుతాండాయి.

అవ్వను నా తలమింద చెయ్యి పెట్టినట్టే దీవించమను. పెద్దోల్లకందరికీ నా దండాలు.

నీ పక్కన నిలబడి తప్పెట నేర్చిన తమ్ముడు,
గంగాధర