హాజరుకు ఒక పని

సార్,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. ఈ ఉత్తరం మీకు చేరదని తెలుసు.

మదనపల్లె కాలేజీలో మీరొక పాఠం చెప్పారు. రెండు మూడు వందల ఏళ్ల కిందట యూరప్‌లో కొన్ని సంఘాలవాళ్లు బంగాళదుంప పండించడాన్నీ మురుగు కాలువ తవ్వడాన్నీ దేశభక్తి అనేవాళ్లట. మేం నవ్వాం. మీరు మాత్రం రిటైరయ్యాక పెద్దమండ్యంలో అలాంటి సంఘమే పెట్టారు. నెలనెలా సమావేశంలో హాజరు పిలిస్తే "ఉన్నాను" అంటే ఒప్పుకునేవారు కాదు. ఆ నెలలో దేశానికి ఏం చేశామో చెప్పాలి. నేను చాలాసార్లు తల దించుకున్నాను.

ఈరోజు సంఘం సమావేశంలో కొత్త కార్యదర్శి పాత రిజిస్టరు చూసి మీ పేరు కూడా పిలిచేసింది. అప్పుడు గంగులమ్మ లేచింది. ఒకప్పుడు కూలికి పోయేది, ఇప్పుడు బడిలో ఆయా.

"మా వీధి బోరింగు చెడిపోయింటే నేనే ఇప్పి లోపల అరిగిన వాషరు మార్చినానమ్మా. నీళ్లొస్తాండాయి. ఆ పని నాకు నేర్పిచ్చింది సారే. ఇది ఆయప్ప పేరున రాసుకో."

"మరి నీ పేరుకు?" అని కార్యదర్శి అడిగింది.

"నాకు పై వీధిలో ఇంకో బోరింగు ఉండాదిలే."

మీ పేరు ఎదురుగా హాజరు పడింది. ఈ నెల నేనేం చేశానా అని వెతుక్కోవడం మొదలుపెట్టాను సార్.

తర్వాత పిలిచిన పేరు నాది.