ముల్లు దాకా ఉప్పు

గరాచర్మ,
జూలై 2.

చిన్నమ్మికి అమ్మ ముద్దులు, దీవెనలు. ఇక్కడ దీవిలో మేమిద్దరం బాగున్నాం. హైదరాబాదులో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. తెలుగు కూడబలుక్కుని చదువుతావు కాబట్టి అక్షరాలు విడివిడిగా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డొస్తావు, అందుకే ఈ ఉత్తరం.

నీ పని మాకు అర్థమైందా అని అడిగావు. మీ నాన్న సంగతి ముందు విను. మొన్న లంబాలైన్ వెళ్లే బస్సులో కండక్టరుతో, "మా పిల్ల ల్యాబులో కేన్సర్ని పెంచుతాది భయ్యా" అని గొప్పలు చెప్పుకున్నాడు. "పెంచడమేటి భయ్యా, సంపాల గానీ" అన్నాడట అతను. పక్క సీటాయన లేచి వెనక్కి వెళ్లిపోయాడు. మీ నాన్నకు అదీ గొప్పగానే ఉంది.

నాకు మాత్రం బాగా అర్థమైంది. కేన్సర్ కణాలను గాజు పళ్లెంలో పల్చగా పరిస్తే మందుకు తేలిగ్గా చస్తాయి. ఉండలా పెంచితే పైవి చచ్చినా లోపలివి బతుకుతాయి. ఒంట్లో గడ్డ కూడా అలాంటిదే కాబట్టి మందును ఉండ మీద పరీక్షించాలి. ఇంతే కదా నువ్వు రాసింది. నాకిది పెళ్లయిన ఏడాదే తెలిసింది. అప్పుడు ఇక్కడే జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర ఉండేవాళ్లం. వాన తరుముకొస్తోందని పెద్ద వంజరం చేపలను చీల్చకుండానే పైన ఉప్పు పట్టించి తొట్టెలో కుక్కేశాను. నాలుగో రోజుకు చెక్కల్లా గట్టిపడ్డాయి, నేను మురిసిపోయాను. మీ నాయనమ్మ అప్పలకొండమ్మ ఒకదాన్ని కత్తితో చీల్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "పైన సూసి మురిసిపోకే. ముల్లు కాడికి ఉప్పు దిగిందో లేదో సూడు" అంది. తొట్టెడు చేపలూ సముద్రంలో పారబోశాం. ఆవిడ మనవరాలివి, ఈ పని నీకు కాక ఎవరికి చేతనవుతుంది?

జూన్‌లో జరిగిన సభలో అంతమంది డాక్టర్ల ముందు నువ్వు మాట్లాడుతున్న ఫొటో పెద్దది చేయించి గోడకు పెట్టాం. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. సిగ్గేమీ లేదు.

మన సొంతూళ్లో అమ్మవారి పండగ ఎలా జరిగిందని అడిగావు. పండగకు వెళ్లలేదమ్మా. మే నెలాఖరున ఓడ ఎక్కిన మాట నిజం, విశాఖపట్నంలో దిగిన మాట నిజం. అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్లాం. నా ఎడమ రొమ్ములో గడ్డ. కేన్సరే. పైన బాగున్నామని రాసింది అలవాటు కొద్దీ రాసింది. నీ సభ అయ్యేదాకా చెప్పనని మీ నాన్న చేత ఒట్టు వేయించుకున్నాను. తెలిస్తే అన్నీ వదిలేసి వచ్చేస్తావని నా భయం. తప్పే చేశాను. తిట్టు, పడతాను. గడ్డ తీసేశారు, గాయం మానింది. ఈ నెలాఖరు నుంచి అక్కడే మందు ఎక్కిస్తారు.

ఆపరేషన్‌కు ముందురోజు ఒక అమ్మాయి కాగితం పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. నీ వయసే ఉంటుంది. తీసేసిన గడ్డలో చిన్న ముక్క పరిశోధనకు ఇస్తారా అని బెదురుతూ అడిగింది. అప్పటికే ఆ వార్డులో ముగ్గురు కాదన్నారట.

"ఉండలుగా పెంచుతారా, పళ్లెంలో పరుత్తారా?" అన్నాను.

ఆ పిల్ల బెదురు మరిచి దగ్గరికి జరిగింది. "ఉండలుగానేనమ్మా. మీకెలా తెలుసు?" అంది.

"మా అమ్మాయి సేసే పని ఇదే. ఇలా తే" అని కాగితం అందుకుని సంతకం పెట్టాను. ఒంట్లో ఆ గడ్డతోనే, చిన్నమ్మీ, ఆ పూట నాకంటే గొప్పది ఆ వార్డులో లేదనిపించింది.

వచ్చే ముక్కల మీద పేర్లుండవని, నంబర్లే ఉంటాయని నువ్వు రాశావు. నాది ఏ ల్యాబుకు వెళ్లిందో తెలియదు. ఎవరు పెంచుతున్నా నీ అంత ఓపికగా పెంచితే చాలు.

ఇప్పుడు మాత్రం నాకు భయంగా ఉంది. సెలవు పెట్టి విశాఖకు రా. మొదటి మందు ఎక్కించే రోజు నువ్వు నా పక్కన ఉండాలి. డాక్టరు వచ్చి ఏదైనా చెప్పబోతే, "నాకు కాదు బాబూ, మా అమ్మాయికి సెప్పండి" అనాలని ఉంది.

ఇట్లు,
నిన్ను చూడాలని ఉన్న మీ అమ్మ,
సీతాలు