మంగళవారాల యుద్ధం

ఈసా టౌన్, బహ్రెయిన్.

చంద్రవ్వకు ముత్తన్న ఆశీర్వదించి రాయునది.

నేను క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. వానలు పడ్డాయా.

ఎప్పుడూ ఇక్కడితో ఆపుతాను. ఈసారి ఆపడానికి లేదు. పెద్ద యుద్ధం మొదలైంది.

నేను ఊడ్చే ట్యూషన్ బడిలో హైదరాబాద్ తాహెర్ సారు ఉన్నారు కదా. మంగళవారం మంగళవారం సాయంత్రం పిల్లలకు హిందీలో చెబుతారు. బయట వరండాలో తడిగుడ్డ పెడుతూ విన్నాను. ఆస్ట్రియా అనే రాజ్యం యువరాజు, ఆయన భార్య కారులో పోతున్నారు. డ్రైవరు దారి తప్పాడు. తప్పు తెలిసి కారు ఆపాడు. ఆపిన చోటే చంపేవాడు నిలబడి ఉన్నాడు. ఇద్దరినీ కాల్చేశాడు.

చంపినవాడు సెర్బియా దిక్కు మనిషని ఆస్ట్రియా వాళ్లు సెర్బియా మీదికి పోయారు. సెర్బియాకు రష్యా తోడు. ఆస్ట్రియాకు జర్మనీ తోడు. రష్యాకు ఫ్రాన్స్ తోడు. ఒకరిని కొడితే ఇంకొకరు దిగాలని ముందే కాగితాలు రాసుకున్నారట. జర్మనీ వాళ్లు ఫ్రాన్స్‌కు పోవడానికి మధ్యలో బెల్జియం అనే చిన్న దేశాన్ని తొక్కుకుంటూ పోయారు. దానికి ఇంగ్లీషువాళ్లు మాట ఇచ్చి ఉన్నారు. వాళ్లూ దిగారు.

సారు బల్ల గుద్ది చెబుతుంటే నాకు భయమై, పెట్టిన చోటే మళ్లీ మళ్లీ తడిగుడ్డ పెట్టాను. పిల్లలు మాత్రం భయపడలేదు. అన్నీ పుస్తకంలో రాసుకుంటున్నారు. ఈ కాలం పిల్లలకు గుండె గట్టి.

మేముండే కూలీల క్యాంపులో కూడా అందరూ ఫోన్లలో యుద్ధం యుద్ధం అని చూస్తున్నారు. నేను ఎవరినీ అడగలేదు. అడగడం నాకు రాదు, నీకు తెలుసు.

ఇట్లు,
ముత్తన్న

తా.క.: బహ్రెయిన్ పేరు ఇంకా రాలేదు. వస్తే రాస్తాను.

*

కొత్తపల్లె.

కళ బాపుకు చంద్రవ్వ దండం పెట్టి రాసేది.

ఫోన్ల ఆ, ఊ తప్ప అనవు. ఉత్తరం రాస్తె మాత్రం పంతులు లెక్క పుస్తకం భాష రాస్తవు. నాకు గట్ల రాదు, నోటికొచ్చినట్టే రాస్త.

మీ రూముల ముఖేష్ ఫొటో తీసి పంపిన ఉత్తరం పక్కింటి ముత్తెమ్మ ఫోన్ల వచ్చింది. రెండు పేజీలున్నయి అనంగనే చేతిల చాట కింద పెట్టిన. నువ్వు రెండు పేజీలు రాసినవంటె నిజంగనే లోకం మునుగుతదనుకున్న.

బీడీలు చేసేటోళ్లందరి ముందర చదివిన. ఒక్కలు ఆకు కత్తిరిస్తె ఒట్టు. ఇది అచ్చం మన నర్సింలు బర్రె ముచ్చటనే గద! బర్రె సోమరాజు మక్కచేన్ల పడ్డది. సోమరాజు తిట్టిండు. నర్సింలు బామ్మర్ది దిగిండు. సోమరాజు వియ్యంకుడు దిగిండు. ఊరు రెండు దిక్కులయింది, ఇప్పటికి మాటల్లేవు. బర్రెను ఎవ్వరేం అనలే, అది మంచిగనే ఉంది. గట్లనే ఆ డ్రైవర్‌ను ఏం చేసిండ్రో అడుగు.

ఇగ అసలు ముచ్చట. ఈ ఎండాకాలం నీ వీసా కాగితం అయిపోతది. రెండేండ్లకోసారి నిన్ను పనికి పెట్టుకున్న ఆ సేటు, కఫీల్, "ఇంక రెండేండ్లుంటవా?" అని అడుగుడు, నువ్వు "ఆ" అనుడు. గట్ల ఇరవై నాలుగేండ్లు పోయినయి. ఆయన మంచోడే, పట్టుకొని ఆపడు. ఈసారి అడిగితె ఖలాస్ అను. ఒక్కటే మాట. యుద్ధమొచ్చింది, ఇంటికి పోవాలె అను. గంత పెద్ద సాకు దేవుడే ఇచ్చె.

ఇట్లు,
చంద్రవ్వ

తా.క.: జర్మనోళ్లు యుద్ధంల దిగిండ్రంటె ముత్తెమ్మకు నిద్ర పడ్తలేదు. ఆమె ఇంట్ల అన్ని జర్మన్ సిల్వర్ గిన్నెలే. వాపస్ అడుగుతరా?

*

ఈసా టౌన్, బహ్రెయిన్.

చంద్రవ్వకు ముత్తన్న ఆశీర్వదించి రాయునది.

నేను క్షేమం. ముత్తెమ్మను భయపడవద్దను. గిన్నెల మాట సారు ఎత్తలేదు. డ్రైవరు మాట కూడా ఎత్తలేదు. నాకూ తెలుసుకోవాలని ఉంది.

ఇప్పుడు రెండు దిక్కుల వాళ్లూ ఎదురెదురుగా గుంతలు తవ్వుకుని అందులోనే ఉంటున్నారు. మోకాళ్ల దాకా నీళ్లు. ఎలుకలు. ఎవరూ ముందుకు పోరు, వెనక్కి రారు. ఆ పని నాకు తెలుసు. వచ్చిన కొత్తలో సఖీర్ అనే ఎడారి దిక్కు పైపులకు గుంతలు తవ్వాను. తవ్విన ఇసుక మళ్లీ కూలేది. లోపల నిలబడితే ఆకాశం తువ్వాలంత కనబడేది. అప్పుడు నీ మొహం గుర్తు చేసుకునేవాణ్ణి. నీకు రాయలేదు.

ఒక మంచి సంగతి. వాళ్లకు క్రిస్మస్ పండుగ వచ్చింది. ఒక దిక్కు గుంతలో పాట పాడారు. రెండో దిక్కు వాళ్లు విని, తిరిగి పాడారు. మెల్లగా బయటికి వచ్చి చేతులు కలిపారు. సిగరెట్లు పంచుకున్నారు. తెల్లారి పెద్ద ఆఫీసర్లు యల్లా, ఇక పదండి అన్నారు, మళ్లీ గుంతల్లోకి దిగారు. ఇక్కడ ఎండ మాడ్చేస్తుంటే అక్కడ క్రిస్మస్ ఏమిటని నాకూ అనుమానం వచ్చింది. ఇక్కడ పగలైతే ఇంకోచోట రాత్రని బడిలో చెప్పారు కదా, ఇదీ అలాంటిదే అయి ఉంటుంది.

బహ్రెయిన్ పేరు వచ్చింది. ఇండియా సిపాయిల ఓడలు బస్రాకు పోతూ ఇక్కడ ఆగాయని సారు చెప్పారు. నా బకెట్ ఒలికిపోయింది. శుక్రవారం సెలవు కదా, బస్సెక్కి సముద్రం దగ్గరికి పోయాను. మన దిక్కు వాళ్లు ఉంటే ఇద్దామని పల్లీలు కొన్నాను. పొద్దంతా కూర్చున్నాను. చేపల పడవలు వచ్చాయి, పోయాయి. ఓడలు దాచి ఉంటారు. పల్లీలు నేనే తిన్నాను.

కఫీల్ మొన్న వచ్చాడు. అడుగుతాడని బాత్రూంలోకి పోయి అరగంట కడిగిందే కడిగాను. అడగకుండానే పోయాడు. ఖలాస్ అనడం అద్దం ముందు నేర్చుకుంటున్నాను. అద్దం ముందు వస్తుంది.

ఇట్లు,
ముత్తన్న

తా.క.: మా క్యాంపులో ఉండే లింగన్న సెలవు మీద ఊరికి వస్తున్నాడు. దుబాయి నుంచి వచ్చాడని అందరికీ చెప్పకు. ఇది బహ్రెయిన్. ఇరవై నాలుగేళ్లుగా చెబుతున్నాను.

*

కొత్తపల్లె.

కళ బాపుకు చంద్రవ్వ దండం పెట్టి రాసేది.

మంగళారం పోయి బుధారం వస్తె చాలు, పన్నెండు మంది ఆడోళ్లు చాటలు పట్టుకొని మన అరుగెక్కుతున్నరు. "ఉత్తరం వచ్చిందా చంద్రవ్వా?" ఇదే పాట. సీరియళ్లు చూసుడు బంద్ చేసిండ్రు. గిన్నెలు పోతయని భయమో ఏమో, ముత్తెమ్మ జర్మనోళ్ల దిక్కు. మేమందరం గుంతలల్ల ఉన్నోళ్ల దిక్కు, అవతలోళ్లయితేంది, ఇవతలోళ్లయితేంది. ఎలుకల ముచ్చట చదివినప్పుడు ముత్తెమ్మ గూడ మా దిక్కే వచ్చి ఏడ్చింది.

నువ్వు సఖీర్‌ల గుంతలు తవ్వినవా? ఏసీ బడిల పని అనుకున్న గదయ్యా మొదటి సంది.

లింగన్న వాపస్ వస్తుండు. ఆయన చేతికి ఒక కట్ట బీడీలిచ్చిన. గుంతలల్లోళ్లు సిగరెట్లు పంచుకున్నరన్నవు గద, అవి అయిపోయుంటయి. తాహెర్ సారుకిస్తె ఎట్లన్న పంపుతడేమో అడుగు. ఆ యువరాజుకు పిల్లలున్నరా? తల్లి లేదు, తండ్రి లేడు, ఎవరి దగ్గర ఉంటున్నరు? అది సుత అడుగు.

ఇగ అమెరికా దిగుతది, అప్పుడు గని తేలదు అని ముత్తెమ్మ అంటంది.

కఫీల్ వస్తె బాత్రూంలకు పోకు. ఆయన ముందర నిలబడు. మన కళ బిడ్డ, నీ మనుమరాలు మల్లిక నిన్ను ఫోన్లనే చూసింది. తాతంటె ఫోన్ల ఉండేటోడు అనుకుంటంది.

ఇట్లు,
చంద్రవ్వ

తా.క.: పండుగ నాడు పాట పాడి సిగరెట్లు పంచుకున్న ముచ్చట నర్సింలు గోడవతల నిలబడి ఇన్నడు. తెల్లారి పోయి సోమరాజుకు బీడీ ఇచ్చిండు. ఇద్దరు మక్కచేను గట్టు మీద కూసొని తాగిండ్రు. వాళ్లు తాగుతుంటె బర్రె మళ్ల మక్కల పడ్డది.

*

ఈసా టౌన్, బహ్రెయిన్.

చంద్రవ్వకు ముత్తన్న ఆశీర్వదించి రాయునది.

యుద్ధం అయిపోయింది!

ముత్తెమ్మ చెప్పినట్టే అమెరికా దిగింది. తాహెర్ సారు కంటే ముందే ఆమెకు ఎలా తెలిసింది? రష్యావాళ్లు తమ రాజును దింపేసి బయటికి పోయారు. జర్మనీలో తినడానికి లేక జనం రోడ్ల మీదికి వచ్చారు. చివరికి ఒక రైలు డబ్బాలో కూర్చుని సంతకాలు పెట్టారు. పొద్దున ఐదు గంటలకు పెట్టారు. పదకొండు గంటలకు తుపాకులు ఆపాలని రాసుకున్నారు. ఆ ఆరు గంటలు కూడా కాల్చుకున్నారు చంద్రవ్వా. అయిపోయిందని తెలిసి కూడా.

అక్కడ పదకొండు కొట్టిందని చెప్పి సారు బల్ల గుద్ది "ఖలాస్! జంగ్ ఖలాస్!" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. గుంతల్లో వాళ్లు ఇళ్లకు పోతారు కదా అనిపించింది. అప్పుడే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. ఏదో అన్నారు. ఎవరో చూడకుండానే తిరిగి "ఖలాస్! ఖలాస్!" అని అరిచాను. పుట్టిన తర్వాత అంత గట్టిగా మాట్లాడలేదు. పిల్లలు కిటికీలోంచి చూశారు.

చూస్తే కఫీల్. "ముత్తన్నా, ఔర్ దో సాల్?" అని ఆయన అడిగాడట.

ఆయన కాసేపు నా కళ్లలో నీళ్లు చూశాడు. "ఖలాస్?" అన్నాడు. తల ఊపాను. నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మర్నాడు ఆఫీసు వాళ్లు వచ్చి టికెట్ ఏ తారీఖుకు కావాలని అడిగితే గాని నేనేం చేశానో నాకు తెలియలేదు.

ఇరవై రోజుల్లో వస్తున్నాను.

ఇట్లు,
ముత్తన్న

తా.క.: బీడీలు అందాయి. సారును అడగడానికి నోరు రాలేదు. నా పెట్టెలోనే ఉన్నాయి. గుంతల్లో వాళ్లు ఇళ్లకు పోయి తాగుతారులే.

*

ఈసా టౌన్, బహ్రెయిన్.

చంద్రవ్వకు ముత్తన్న రాయునది.

ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు.

నిన్న బోర్డు తుడవబోయాను. ఎప్పుడూ పిల్లలే తుడుస్తారు, నిన్న మరిచిపోయారు. పైన పెద్ద అంకెలు ఉన్నాయి. 1914, గీత, 1918. అంకెలు నాకు వచ్చు.

తాహెర్ సారు ఇంకా అక్కడే ఉన్నారు. పదకొండేళ్లలో మొదటిసారి ఆయనతో మాట్లాడాను. "సార్, ఈ యుద్ధం ఎప్పటిది?" అన్నాను. ఆయన నవ్వలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "చాచా, మీ తాత కాలం నాటిది. ఇది పాఠం" అన్నారు. అన్నీ చెప్పాను. సముద్రం దగ్గర పల్లీల సంగతి ఒక్కటి చెప్పలేదు.

ఇంతకాలం మిమ్మల్నందరినీ భయపెట్టాను. ఎప్పుడో అయిపోయినదానికి ముత్తెమ్మను ఏడిపించాను. ఇప్పుడు ఆ పన్నెండు మంది ముందు నుంచి సంచి పట్టుకుని ఎలా నడవాలి? జర్మన్ యుద్ధం ముత్తన్న అని పేరు పెడతారు. మల్లిక కూడా అదే పిలుస్తుంది.

టికెట్ ఇంకా కొనలేదు. ఆదివారం కఫీల్ వస్తాడు. ఇంకో రెండేళ్లు ఉంటానని ఆయనకు చెబుతాను. రెండేళ్లలో అందరూ మరిచిపోతారు. అప్పుడు వస్తాను. కోపం చేసుకోకు.

ఇట్లు,
ముత్తన్న

తా.క.: ఆ యువరాజుకు ముగ్గురు పిల్లలు. బంధువులు పెంచారట. ఇప్పుడు లేరు, వందేళ్లు దాటింది. నువ్వు అడిగావు కాబట్టి సారును అడిగాను.

*

కొత్తపల్లె.

కళ బాపుకు చంద్రవ్వ రాసేది. దండం తర్వాత పెడ్త, ముందుగాల ఇది చదువు.

ఆగు. ఆదివారం దాక ఏం మాట్లాడకు.

మాకు మొదటి ఉత్తరం నాడే తెలుసు. రెండు పేజీలు చూసి భయపడ్డది నిజమే. కని చదువుడయినంక ముత్తెమ్మ మనుమరాలు "అవ్వా, ఇది మా సోషల్ పుస్తకంల పాఠం" అని తీసి చూపెట్టింది. అమెరికా దిగుతదని ముత్తెమ్మకు ఎట్ల తెలిసిందనుకున్నవు? ఆమెకు కడుపుల మాట దాగదు. పాఠం సాంతం చదివిచ్చుకొని ఇన్నది. నేను ఆమె కాలు తొక్కుతనే ఉన్న.

నీకు చెప్పొద్దని అందరికి నేనే ఒట్టు పెట్టిచ్చిన. ఎందుకంటవా? ఇరవై నాలుగేండ్ల సంది నీ ఉత్తరం ఏందయ్యా? నేను క్షేమం, నువ్వు క్షేమమా, వానలు పడ్డాయా. వానలు టీవీల చెప్తరు. నీ ముచ్చట ఎవలు చెప్తరు? యుద్ధమొచ్చినంకనే నువ్వు గుంతలు తవ్వినవని తెలిసింది. ఆ గుంతల నిలబడి నా మొహం యాది చేసుకున్నవని తెలిసింది. సముద్రం కాడ ఒక్కనివే పొద్దంత కూసున్నవని తెలిసింది. పాఠమని చెప్తె ఆ మంగళారమే ఆపేస్తువు.

పల్లీల కాడ నేను చదువలేకపోయిన. ముత్తెమ్మ మనుమరాలితోని చదివిచ్చిన. ఒక్కలు నవ్వలే. పుస్తకంల యుద్ధం అర్ధ గంటల అయిపోయింది, డ్రైవర్ తొవ్వ తప్పిన ముచ్చట సుత దాంట్ల లేదు. నీ యుద్ధమే మంచిగున్నదని ఆడోళ్లందరి మాట. నువ్వు వచ్చి కూసునేటందుకు అరుగు మీద జాగ ఇడిసిపెట్టిండ్రు.

ఆదివారం కఫీల్ వస్తడు. ఆయన ముందర ఏం చెయ్యాల్నో చెప్త, మంచిగ ఇను. కొత్తగ ఏం నేర్చుకోకు. ఇన్నేండ్లు ఎట్లున్నవో అట్లనే ఉండు. నోరు తెరువకు. ఖలాస్ అన్నవు, అది ఒక్కసారి అంటె చాలు.

నువ్వు బహ్రెయిన్‌ల ఉన్నవు. దుబాయి కాదు. రాసిన సూడు. ఇగ రా.

దండం పెడుతున్న.

ఇట్లు,
నీ చంద్రవ్వ

తా.క.: రెండోది సుత ఉన్నదట గదయ్యా, దీని కన్న పెద్దది! తాహెర్ సారు వచ్చే మంగళారం మొదలుపెడ్తడేమో, ఆ వరండా దిక్కు పోకు. ఆ పాఠం నేను చదివి పెట్టిన. ఈసారి నేను చెప్త. నువ్వు పక్కన కూసొని ఊ కొట్టు, అది నీకు వచ్చు.