కుంటి ఏనుగు కాగితాలు

బహదూర్‌పురా, ఆదివారం రాత్రి

సాయంత్రం టీవీలో మా సార్ జీవితం మీద డాక్యుమెంటరీ వచ్చింది. మన దగ్గర కార్టూన్ సినిమాల్లో బొమ్మలకు నడక నేర్పిన తొలి మనిషి అన్నారు. నిజమే. ఇరవై ఏళ్లు ఆయన దగ్గరే గీశాను.

తర్వాత ఆయన సినిమాలోని కుంటి ఏనుగు వచ్చింది. దాని దుఃఖం చూపడానికే సార్ ఆ కుంటి నడక ఊహించారట. వెంటనే తెర మీద నేను: "అవును, అంతా సార్ ఆలోచనే."

మా అమ్మాయి పద్మ నా వైపు తిరిగింది. "గట్ల ఎందుకు చెప్పినవ్ బాపు? జూల ఏనుగు కాలికి పుండైతే చూసి గీసింది నువ్వు. పక్కన కూసొని కాగితాలు పట్టింది నేను."

అసలు అది ఊహే కాదు, నా పొరపాటు. దాని కాలికి పుండని అప్పుడు తెలియదు, ఏనుగులన్నీ అట్లాగే నడుస్తాయనుకున్నాను. సార్ కాగితాలు రెండుసార్లు తిప్పి చూసి, "ఉండనీ" అన్నారు. పోయిన మనిషికి ఇప్పుడు ఎట్లా అడ్డం చెప్పను?

రేపు సార్ బొమ్మల ప్రదర్శన కోసం ఆ కాగితాలు తీసుకెళ్లడానికి డాక్యుమెంటరీ వాళ్ల మనిషి వస్తాడు. పద్మ కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "పేరు రాయి. లేకుంటే నేనే చెప్త."

బొమ్మలు గీసేవాళ్లం మేం కాగితం మూలన వరుస నంబరే వేస్తాం, పేరు రాయం. ఒకటో నంబరు పక్కన నా పేరులో మొదటి అక్షరం రాసి ఆగిపోయాను. పక్క గదిలో పద్మ ఇంకా లైటు ఆర్పలేదు.