ఒక్కణ్ణీ తీసేయని కోచ్

మిన్నెసోటా, సెప్టెంబర్ 4, 1988

ప్రియమైన లైల్,

మా కాలేజీ కొత్త అధ్యక్షుడు నన్ను పిలిపించి, "ఫుట్‌బాల్ జట్టులో నూట ముప్పై మంది ఎందుకండీ? అరవై మందిని ఉంచి మిగతావాళ్ళను పంపించేయండి" అన్నాడు. "ముప్పై ఆరేళ్ళలో ఒక్కణ్ణీ పంపలేదు, ఇప్పుడేం పంపుతాను" అన్నాను. "అయితే ఈ ఏడాదితో తప్పుకోండి" అన్నాడు. సరేనని వచ్చేశాను. ఉద్యోగం పోతున్నందుకు కాదురా నా బాధ. నా తర్వాత వచ్చేవాడు వస్తూనే డెబ్బై మందిని ఇంటికి పంపేస్తాడు.

ఆఖరి మ్యాచ్ నువ్వు కోచ్‌గా ఉన్న జట్టుతోనే. నా దగ్గర ఆట నేర్చుకున్నానని మొహమాటపడ్డావో, చెవి మెలేస్తాను.

నీ ముసలి కోచ్,
ఆర్విల్

సెప్టెంబర్ 12

ప్రియమైన కోచ్ గారికి,

మొహమాటమా? చితక్కొట్టి పంపుతాను. కోపం తెచ్చుకోనంటే ఒక మాట. మీ అధ్యక్షుడు అన్నదాంట్లో తప్పు లేదు. నేనిక్కడ ఏటా నలభై మందిని తీసేస్తాను. ఆడనివాడికి బూట్లెందుకు చెప్పండి? మీరు మూడొందల మ్యాచ్‌లు గెలిచింది మీ తెలివితో, ఆ గుంపుతో కాదు.

మీ లైల్

నవంబర్ 13

ఒరే లైల్,

నిన్న ఆట అయ్యాక చెయ్యి కలిపి, గబగబా బస్సెక్కి వెళ్ళిపోయావు. అందుకే రాస్తున్నాను.

మూడు సెకన్లు మిగిలాయి. మేం రెండు పాయింట్లు వెనక. స్తంభాల మధ్యకు బంతి తన్నే పని ఒక్కడిదే, వాడేమో కాలు బెణికి కూర్చున్నాడు. నాలుగేళ్ళుగా బెంచీ దిగని నీల్స్‌ను పంపాను. బంతి స్తంభాల మధ్య నుంచి పోతే మూడు పాయింట్లు. వాడు బెదిరిపోవాలని నువ్వు విరామం అడిగావు చూడు, అదే నీ పొరపాటు. ఆ కాస్త సేపట్లో బెంచీ మీదున్న మావాళ్ళంతా మైదానం అంచు గీత దగ్గరికొచ్చి ఒకటే గోల. "నీల్స్, మీ అమ్మ ఈసారైనా నిద్రపోకుండా చూస్తోందిరా" అని ఒకడు. "మెల్లిగా తన్నరా, ఆ స్తంభాలు కాలేజీవి" అని ఇంకొకడు. వాడు పకపకా నవ్వాడు. నవ్వుతూనే తన్నాడు. గెలిచాం. నా జన్మకిది చాలు.

ఆర్విల్

నవంబర్ 29

ప్రియమైన కోచ్ గారికి,

రెండు రోజులు తిండి సహించలేదు. ఓడినందుకు కాదు. ఆ విరామంలో నా కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎప్పుడు ఎవణ్ణి తీసేస్తానోనన్న భయం వాళ్ళకు పెట్టింది నేనే. అప్పుడు మీకు రాసింది తప్పు.

మీ చోటికి రమ్మని మీ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "ఒక్కణ్ణీ తీసేయమని అడగనని మీరు కాగితం మీద రాసిస్తేనే వస్తాను" అన్నాను. గొణిగాడు. ఆ మ్యాచ్ చూసిన పాత విద్యార్థులు మీ పద్ధతే ఉండాలని ఆయన్ను కూర్చోనివ్వడం లేదట. నిన్న సంతకం పెట్టాడు.

ఇవాళ పొద్దున మీ కాలేజీలో వచ్చే ఏడాది జట్టుకు ప్రకటన అంటించాం. సాయంత్రానికి నూట నలభై ఎనిమిది మంది వచ్చారు. మీరు ప్రతివాణ్ణీ పేరుపెట్టి పిలిచేవారు. నాకు ఇప్పటికి ముగ్గురి పేర్లు వచ్చాయి. సోమవారం వచ్చి నా పక్కన నిలబడండి.

మీ లైల్