తాకనన్న పెట్టె

విల్మర్,
జనవరి 2003

ప్రియమైన కెర్ట్‌కి,

నేను కుశలం. నా ఉద్యోగం కుశలమో కాదో శుక్రవారం మీటింగులో తేలుతుంది. నువ్వు ఫోనెత్తడం లేదు కాబట్టి ఈ శ్రీముఖం.

మీ బెమిజీ బడిపిల్లలకు రావాల్సిన వెన్న లారీ డులూత్ జైలుకు చేరింది. ఖైదీలు పూటపూటా మన డెయిరీని దీవిస్తున్నారట. మేనేజరు మార్లిస్ గారు మాత్రం దీవించడం లేదు.

లారీలను పంపే మన ప్రోగ్రాములో తప్పెక్కడో దొరికింది. ఊరు, సరుకు, తేదీ, అన్నీ ఒకే డేటా స్ట్రక్చర్‌లో, అంటే ఒకే పెట్టెలో, సర్ది నువ్వు రాసిన సబ్‌ప్రొసీజర్‌కి అందించాను. ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టమన్నాను, అంతే. మనం ప్రోగ్రాములు రాసే ఆర్‌పీజీ భాషలో అలా అందిస్తే నకలు వెళ్లదు, అసలు పెట్టే వెళ్తుంది. నువ్వు అందులో ఊరి పేరు చెరిపి నీ చిత్తులెక్కకు వాడుకున్నావు. లెక్కయ్యాక అక్కడ డులూత్ మిగిలింది, లారీ అటే పోయింది.

'కాన్‌స్ట్' అని ఒక్క మాట రాసి ఉంటే, పెట్టెను ముట్టుకోనివ్వకుండా, ప్రోగ్రామును సరిచూసే కంపైలరే నిన్ను ఆపేది. నేను రాస్తానంటే, గడ్డకట్టిన చెరువు మీద, చేపలు పట్టే గుడిసెలో కూర్చుని నువ్వేమన్నావు? "నా మీద కూడా తాళమేంట్రా? చదివి ఇచ్చేస్తాలే" అన్నావు. శుక్రవారం ఆ మాట చెప్పు. చాలు.

నిన్ను నమ్ముకున్న
బ్రెంట్


బెమిజీ,
బుధవారం

ప్రియమైన బ్రెంట్,

దీనికింత బాధేంట్రా? మార్లిస్‌కి ఉన్నదున్నట్టు చెబుతాను. నువ్వు హాయిగా పడుకో. మా అమ్మ నీకు గిన్నెడు హాట్‌డిష్ వండి పంపుతోంది. గిన్నె మాత్రం తిరిగివ్వు, లేకపోతే నన్ను చంపుతుంది.

ఎప్పటికీ నీ
కెర్ట్


ఫార్గో,
మార్చి

ప్రియమైన కెర్ట్‌కి (చేతికి అలవాటైపోయింది, ఏమనుకోకు),

ఉన్నదున్నట్టే చెప్పావట. "కాన్‌స్ట్ పెట్టాల్సింది బ్రెంటే కదండీ, పెట్టలేదు" అన్నావట. అబద్ధం ఒక్క ముక్క లేదు. చేపల గుడిసె ఒక్కటే నీకు గుర్తురాలేదు.

అబద్ధమాడి ఉంటే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. నిజంతో వెన్నుపోటు పొడిస్తే ఏమని తిట్టాలో నాకింకా తెలియలేదు. నా కుర్చీ నీకిచ్చారని విన్నాను. అది ఎడమవైపు వాలుతుంది, చూసి కూర్చో.

ఇక్కడ విత్తనాల కంపెనీలో చేరాను. గిన్నె కడిగి మీ అమ్మగారి పేరనే పార్సిల్ చేశాను. పాపం, ఆవిడేం చేసింది?

ఈ ఉత్తరం నీకు పంపుతున్నది నకలు. అసలు నా దగ్గరుంది. ఇందులో నువ్వు ఏం చెరుపుకున్నా అక్కడ చెరగదు.

బ్రెంట్